కాటు గుర్తు లేదు, కడుపునొప్పి అంటోంది. మీరైతే ముందు ఏం చూసేవాళ్ళు?

రాత్రిడ్యూటీ_అనంత

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఊరి పేరు అడగొద్దు. చేరి ఎనిమిది నెలలే అయింది. మూడు రోజులుగా సరిగా నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకావిడను ఆటోలో తీసుకొచ్చారు. ముప్పై దాటి ఉంటాయి. శెనక్కాయ చేనుకి కాపలా పోయి కొట్టంలో చాప మీద పడుకుందట. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, రెండు వాంతులు. బీపీ 130/80, నాడి 96, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) 98. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. రాత్రి అలసంద వడలు తిన్నామని వాళ్ళాయన చెప్పాడు. డ్యూటీ డాక్టర్ గ్యాస్ అనుకుని ఇంజెక్షన్లు రాశారు, ఇచ్చాను.

ఐదుంపావుకు డ్రిప్పు చూడ్డానికి పోతే "కండ్లు మూతలు పడుతున్నాయి సిస్టర్" అంది. రాత్రంతా నిద్ర లేదు కదా అనుకున్నాను. ఐదున్నరకు మళ్ళీ పోయేసరికి మాట ముద్దగా వస్తోంది, ఉమ్మి మింగలేకపోతోంది. పరిగెత్తి డాక్టర్‌ని పిలిచాను. చూడగానే కట్లపాము అన్నారు. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) పది వయల్స్ మొదలుపెట్టి 108లో పెద్దాసుపత్రికి పంపాం. దారిలో ఊపిరి నిలిచిపోతే చేత్తో ఊపిరి పోసే ఆంబు బ్యాగ్ నొక్కుకుంటూ పోయారట. ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉంది.

నా ప్రశ్న ఒకటే. ఐదుంపావుకు నేను ఏం చూసి ఉండాల్సింది? తిట్టినా పర్లేదు, చెప్పండి.

కర్నూలు_ఐసీయూ_అక్క

తిట్టడానికేముంది చెల్లీ. ఐదున్నరకు మళ్ళీ ఆ మంచం దగ్గరికి పోయావు. పోకుండా ఆరున్నరకు చార్జి అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోయే వాళ్ళను కూడా చూశాను.

కట్లపాము కోరలు చాలా చిన్నవి. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాటు కనపడనే కనపడదు. రాత్రిపూట తిరిగే పాము, నేల మీద పడుకున్న వాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. నిద్రలో కరిచిన సంగతి చాలామందికి తెలియదు కూడా. పొద్దున లేచి కడుపునొప్పి, గొంతునొప్పి, ఒళ్ళు తూలుతోంది అంటారు. అందుకే వానాకాలంలో తెల్లవారుజామున, నేల మీద పడుకుని లేచి, కారణం తెలియని కడుపునొప్పితో వచ్చిన మనిషికి నేను పొట్ట కంటే ముందు రెప్పలు చూస్తాను. "రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా?" అన్న ప్రశ్న "ఏం తిన్నావు?" కంటే ముందు అడగాలి. మీ దగ్గర వడల సంగతి కేస్ షీట్‌లోకి ఎక్కింది, కొట్టం సంగతి ఎక్కి ఉండదు. ఎక్కిందా?

ఇక రెప్పలు. మామూలుగా చూస్తే నిద్రమొహంలాగే ఉంటుంది. నీ వేలు పైకెత్తి, తల కదపకుండా కళ్ళతోనే దాన్ని చూడమను. అట్లాగే ఒక నిమిషం ఉంచు. నిద్ర వస్తున్న మనిషి రెప్ప ఎత్తగలదు. నరాలకు విషం ఎక్కిన మనిషి రెప్ప ఎత్తినా నిలవదు, జారిపోతుంది. నుదురు ముడిచి నుదుటితో రెప్పను లాగడానికి చూస్తుంది. ఒక్కసారి చూశావంటే ఇంకెప్పటికీ మరిచిపోవు.

తర్వాత ఒకే ఊపిరిలో ఒకటి, రెండు లెక్కపెట్టించు. ఎంతదాకా పోతే అంత, టైం వేసి రాసుకో. మొదట ముప్పై దాకా పోయిన మనిషి అరగంటకు పద్దెనిమిది దగ్గర ఆగిందంటే విషం ఊపిరి కండరాల దాకా పాకుతున్నట్టే. తల దిండు మీద నుంచి ఎత్తి పట్టుకోమను. గుక్కెడు ఉమ్మి మింగమను. నీళ్ళు మాత్రం తాగించి చూడొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

సాచురేషన్ 98 అని ధైర్యపడ్డావు చూడు, అందరం అక్కడే మోసపోతాం. ఊపిరి కండరాలు అలిసిపోతున్నా ఆ అంకె చివరిదాకా బాగానే ఉంటుంది. అది పడే సమయానికి మన చేతిలో నిమిషాలే మిగులుతాయి.

కడప_క్యాజువాలిటీ_బ్రదర్

అక్క చెప్పిందానికి ఒకటి కలుపుతాను. ఇట్లాంటి వాళ్ళు గాబరాగా, ఒకచోట నిలవకుండా ఉంటారు. "టెన్షన్ పడుతోంది, నిద్రకు ఏమన్నా ఇయ్యండి సిస్టర్" అని అటెండర్లు వెంటపడతారు. ఇచ్చామో, పని అయిపోయినట్టే. కొత్తగా పెళ్ళైన అమ్మాయి అయితే "అత్తగారింట్లో గొడవ, నాటకం ఆడుతోంది" అని ఏకంగా హిస్టీరియా చేసేస్తారు. నా పదకొండేళ్ళ క్యాజువాలిటీలో ఆ మాట కనీసం మూడుసార్లు విన్నాను. మూడోసారి మాత్రం నేనే అడ్డంపడ్డాను.

జీఎన్ఎం_ఫైనలియర్

అక్కా, రెండు డౌట్లు. ఒకటి, ఏఎస్‌వీకి ముందు చర్మం కింద టెస్ట్ డోస్ వేయాలని మా సీనియర్ చెప్పింది, క్లాసులో వద్దన్నారు. రెండోది, నరం చెప్పింది కండరానికి అందేలా చేసే నియోస్టిగ్మిన్ మందు ఇస్తే రెప్పలు వాలడం తగ్గేదా?

మండల_వైద్యుడు

నేను మెడికల్ ఆఫీసర్‌ని, ఈ వేదికలో ఎక్కువగా చదివిపోతుంటాను. ఆ డ్యూటీ డాక్టర్ స్థానంలో నేనున్నా మొదటి పది నిమిషాల్లో గ్యాస్ అనే రాసి ఉండేవాణ్ణేమో. అది ఒప్పుకుని మొదలుపెడతాను.

టెస్ట్ డోస్ వద్దు. అది రాబోయే రియాక్షన్‌ను ముందుగా చెప్పలేదు. పైగా మనిషి ఒంటిని ఆ మందుకి అలవాటు చేసి లేని అలర్జీ తెచ్చిపెట్టగలదు, టైం కూడా పోతుంది. మన మార్గదర్శకాల్లోనూ వద్దనే ఉంది. పాత వార్డుల్లో ఇంకా వేస్తున్నారు. అలవాటు, అంతే.

నియోస్టిగ్మిన్ సంగతి. నాగుపాము విషం కండరం వైపున్న తాళంకప్పను మూసేస్తుంది, కాబట్టి నియోస్టిగ్మిన్‌తో నరం పంపే తాళంచెవులు ఎక్కువ చేస్తే కొంత తెరుచుకుంటుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. తాళంచెవులు పంపే చెయ్యే లేకపోతే మందు ఏం చేస్తుంది? అయినా ఏ పామో తెలియనప్పుడు ఒకసారి ఇచ్చి చూడొచ్చు. పెద్దవాళ్ళకు అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు రక్తనాళంలో, ఆ వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు కండరంలో. తర్వాత గంటసేపు రెప్ప ఎంత తెరుచుకుంది, ఒక ఊపిరిలో ఎంత లెక్కపెట్టింది రాయాలి. మార్పు లేకపోతే మళ్ళీ మళ్ళీ ఇవ్వడంలో అర్థం లేదు. డాక్టర్ ఆర్డర్ ఉంటేనే ఇవన్నీ, అది వేరే చెప్పక్కర్లేదు.

కట్లపాములో ఏఎస్‌వీ కూడా రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. నరంలోకి దిగినదాన్ని వెనక్కి లాగలేదు. అందుకే ఆ మనిషిని చివరికి బతికించేది గాలి. గొంతులో ట్యూబ్, ఆంబు బ్యాగ్, వెంటిలేటర్. దారిలో బ్యాగ్ నొక్కినవాళ్ళకు దండం పెట్టాలి.

కర్నూలు_ఐసీయూ_అక్క

డాక్టర్ గారూ, తాళంచెవుల పోలిక మా స్టూడెంట్లకు వాడుకుంటాను. ఒకటి అడుగుతాను, రియాక్షన్ రాకుండా ముందుగా అడ్రినలిన్ వేయడం మీద మీ మాటేంటి? ఏఎస్‌వీ మొదలుపెట్టే ముందు మా దగ్గర కొందరు 0.25 మిల్లీలీటర్లు చర్మం కింద వేయమంటారు, కొందరు అలర్జీ మందులు అవిల్, హైడ్రోకార్టిజోన్ చాలంటారు.

మండల_వైద్యుడు

శ్రీలంకలో వెయ్యిమందికి పైగా రోగుల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో తేలింది ఇది: ముందుగా వేసిన ఆ కొంచెం అడ్రినలిన్ తీవ్రమైన రియాక్షన్లను తగ్గించింది, హైడ్రోకార్టిజోన్, ప్రోమెథజైన్ (అవిల్ లాంటిదే) తగ్గించలేదు. నేను పడుచువాళ్ళకు వేయిస్తాను. గుండెజబ్బు, బీపీ బాగా ఎక్కువ ఉన్న పెద్దవాళ్ళకు వేయించను. ఇందులో డాక్టర్లకే ఒక మాట లేదు, మీ యూనిట్ ఏది అనుసరిస్తే అది.

కర్నూలు_ఐసీయూ_అక్క

సరే, నేను ఒప్పుకోను గానీ పోట్లాడను. ముందు వేసినా వేయకపోయినా 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ సిరంజిలోకి తీసి, పేరు రాసి, మంచం పక్కన ట్రేలో పెట్టుకోకుండా నేను ఏఎస్‌వీ చుక్క కూడా వదలను. అల్మారాలో ఉంది, తాళం ఇన్‌చార్జి దగ్గర ఉంది అంటే లెక్కలోకి రాదు.

కొత్తవాళ్ళ కోసం: పొడి వయల్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్ళు పోశాక చేతుల మధ్య మెల్లగా తిప్పండి, ఊపొద్దు, నురగ వస్తుంది. పది వయల్స్ కరగడానికి ఇద్దరు కూర్చున్నా టైం పడుతుంది కాబట్టి ఆర్డర్ రాగానే ఇంకొకర్ని పిలవండి. సెలైన్‌లో కలిపి గంటలో పోవాలి, మొదటి పది పదిహేను నిమిషాలు మాత్రం మెల్లగా. ఆ పదిహేను నిమిషాలు మంచం దగ్గరే నిలబడు. దురద, దద్దుర్లు, దగ్గు, వాంతి, కడుపునొప్పి, వణుకు, ఏది కనిపించినా డ్రిప్పు ఆపి, అడ్రినలిన్ తొడ బయటి పక్క కండరంలో. కుదుటపడ్డాక డాక్టర్‌తో మాట్లాడి మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. "రియాక్షన్ వచ్చింది, ఏఎస్‌వీ ఆపేశాం" అని రాసి రిఫర్ చేసిన షీట్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విషం ఆగిందా?

పిల్లలకు కూడా వయల్స్ అన్నే. పాము చిన్నపిల్ల అని తక్కువ విషం వదలదు. సెలైనే తగ్గించాలి.

చేను_గట్టు

నేను రైతుని, నర్సుని కాను. మా వైపు ఇప్పటికీ పసరు పోస్తారు, తాడుతో గట్టిగా కడతారు. మా అన్నకు పోయినేడు రక్తపింజర కరిస్తే కట్టు కట్టే తీసుకుపోయినాం. ఆసుపత్రిలో కట్టు వెంటనే విప్పలేదు, మేము గొడవ చేసినాం. ఎందుకు విప్పలేదు? పామును కొట్టి చంపి సంచిలో తీసుకుపోతే "ఎందుకు తెచ్చారు" అని అరిచినారు కూడా.

కడప_క్యాజువాలిటీ_బ్రదర్

అన్నా, వాళ్ళు విప్పకపోవడమే మంచిదైంది. గట్టిగా బిగించిన కట్టు ఒక్కసారిగా వదిలితే కింద ఆగిన విషమంతా ఒకేసారి పైకి ఎక్కుతుంది, రెండు నిమిషాల్లో మనిషి కూలిపోవచ్చు. ముందు కట్టు కింద నాడి కొడుతోందో లేదో చూస్తాం, నరంలో సూది పెడతాం, మందులు సిద్ధం చేస్తాం, డాక్టర్ పక్కనుండగా మెల్లగా వదులుతాం. నాడి దొరకకపోతే పైన బీపీ కఫ్ కట్టి కొంచెం కొంచెం గాలి తీస్తాం. అసలు తాడే కట్టొద్దు. కాలు కదలకుండా విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద కట్టి, నడిపించకుండా తీసుకురండి.

పాము సంచి సంగతి. చచ్చిందనుకున్న పాము తల కూడా కాటేస్తుంది. సంచి ముడి విప్పింది నేనే ఒకసారి, లోపల కదిలింది. ఆ రోజు నాకు పెట్టాల్సి వచ్చింది డ్రిప్పు, బీపీ పడిపోయి. దూరం నుంచి సెల్లులో ఫోటో తీయండి, చాలు. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ ఒక్కటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ అదే. పేరు తెలిస్తే మంచిదే, తెలియకపోయినా వైద్యం ఆగదు.

రక్తపింజర అన్నారు కాబట్టి గాజు ట్యూబ్ కథ చెప్తాను. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తదీ పొడిదీ అయిన గాజు ట్యూబులో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా పారిందంటే పింజర విషం పనిచేస్తోంది, ఏఎస్‌వీ కావాలి. ఇంతకంటే చవకైన పరీక్ష లోకంలో లేదు. ఇందులో కూడా నేను తప్పు చేశాను. చాలా ఏళ్ళ కింద, వేరే ఊళ్ళో, గాజు ట్యూబులు అయిపోతే ప్లాస్టిక్‌ది వాడాను. రక్తం గడ్డకట్టలేదు. నేను "పాజిటివ్" అన్నాను. మా డాక్టర్ అనుమానం వచ్చి తన రక్తమే తీసి అదే రకం ట్యూబులో పోయించారు. అదీ గడ్డకట్టలేదు! గాజు గోడ తగిలితేనే గడ్డకట్టడం సరిగా మొదలవుతుంది. ప్లాస్టిక్ అయినా, సబ్బుతో కడిగిన గాజైనా మనల్ని పిచ్చోళ్ళను చేస్తుంది.

జీఎన్ఎం_ఫైనలియర్

డాక్టర్ తన రక్తమే తీయించుకున్నారా, సూపర్. మొదటిసారి గడ్డకడితే పంపించేయొచ్చా?

కడప_క్యాజువాలిటీ_బ్రదర్

పంపొద్దు. విషం తర్వాత కూడా ఎక్కొచ్చు. మొదటి మూడు గంటలు అరగంటకోసారి, ఆ తర్వాత గంటకోసారి చూస్తూ, ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు ఉంచుతాం. ఏఎస్‌వీ ఇచ్చిన వాళ్ళకైతే ఆరు గంటలకోసారి. లివర్ కొత్తగా గడ్డకట్టే సరుకు తయారుచేయడానికి అంత టైం పడుతుంది కాబట్టి గంటకే చూసి "పనిచేయలేదు" అని కంగారు పడొద్దు.

వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి టైం రాయండి. చిగుళ్ళు చూడండి. మూత్రం ఎంత వచ్చింది, రంగేంటి. రక్తపింజర మూత్రపిండాల మీద దెబ్బకొడుతుంది, ఆ సంగతి ముందు సంచిలో మూత్రం తగ్గడంలో తెలుస్తుంది, రక్తపరీక్షలో క్రియాటినిన్ తర్వాత పెరుగుతుంది. రక్తం గడ్డకట్టని మనిషికి కండరంలో ఇష్టమొచ్చినట్టు సూదులు వేయొద్దు. టీటీ కూడా గడ్డకట్టడం మొదలయ్యాకే. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి, డైక్లో వద్దు.

108_టెక్నీషియన్

నా వైపు నుంచి. మాకు ఫోన్ వచ్చేటప్పుడు "పాము కరిచింది, రిఫర్" అని మాత్రమే చెప్తారు. ఏఎస్‌వీ ఎన్ని వయల్స్ పోయాయి, ఎప్పుడు మొదలైంది, అడ్రినలిన్ ఇచ్చారా, ఆఖరుసారి ఒక ఊపిరిలో ఎంత లెక్కపెట్టింది, ఈ నాలుగూ చీటీ మీద రాసి రోగి చేతికి టేపుతో అంటించండి. కేస్ షీట్ అటెండర్ దగ్గరుంటుంది, అటెండర్ వెనక బైక్ మీద వస్తుంటాడు.

ఇంకోటి. మింగలేని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి పంపొద్దు. పక్కకు తిప్పి, ఉమ్మి లాగే సక్షన్ పనిచేస్తోందో చూసి పంపండి. లెక్క పదికి పడిపోయిన మనిషిని ట్యూబ్ వేయకుండా అరవై కిలోమీటర్లు పంపడం కంటే, అక్కడే ట్యూబ్ వేయగలిగితే వేసి పంపడం మాకూ మంచిది, ఆమెకూ మంచిది.

రాత్రిడ్యూటీ_అనంత

అందరివీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అక్కా, మీరడిగిన దానికి జవాబు: కొట్టం సంగతి కేస్ షీట్‌లో లేదు. నాకు చెప్పింది ఆటో అతను, అదీ పోతూ పోతూ.

ఇంకో ప్రశ్న. రెప్ప జారుతోందని నాకు అనిపించింది, డాక్టర్ గ్యాస్ అన్నారు. నేను ఎట్లా చెప్పాలి? "నువ్వు డాక్టరా" అంటే?

కర్నూలు_ఐసీయూ_అక్క

రోగం పేరు చెప్పకు, చూసింది చెప్పు. "సార్, కట్లపాము అనుకుంటున్నా" అంటే ఆయనకు కోపం రావచ్చు. "సార్, నాలుగున్నరకు ఊపిరికి ముప్పై లెక్కపెట్టింది, ఇప్పుడు ఇరవై. పైకి చూస్తే రెండు రెప్పలూ నిలవడం లేదు. రాత్రి కొట్టంలో కింద పడుకుంది. మీరొకసారి వచ్చి చూడాలి" అను. అంకెల మీద ఎవరికీ కోపం రాదు. రాకపోతే పది నిమిషాలకు మళ్ళీ ఫోన్ చెయ్యి, రెండుసార్లూ టైం వేసి నోట్స్‌లో రాయి. ఈలోగా నరంలో సూది, ఆక్సిజన్, సక్షన్, ఆంబు బ్యాగ్ మంచం దగ్గరికి. వీటికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. ఏఎస్‌వీ మాత్రం ఆర్డర్ లేకుండా నువ్వు మొదలుపెట్టకు.

వెంటిలేటర్ మీద ఉన్న ఆవిడ గురించి ఒకటి. కట్లపాము మనిషి పూర్తిగా పడిపోయాక కనుపాపలు పెద్దవై వెలుతురుకు కూడా కదలవు, గిచ్చినా ఉలకదు. చూసినవాళ్ళు మెదడు పోయిందనుకుంటారు. కానీ లోపల తెలివి ఉంటుంది, అన్నీ వినిపిస్తుంటాయి. మా దగ్గర అట్లాంటి మంచం పక్కన ఆస్తి పంపకాలు మాట్లాడితే బయటికి పంపిస్తాను. రెప్పలు మూసి టేపు వేస్తాం, కళ్ళు ఎండకుండా చుక్కలు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ప్రతిసారీ "అమ్మా, ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పుతున్నా" అని చెప్పడం. మొదట కాలి బొటనవేలో, చేతివేలో కదులుతుంది. రోజులు పట్టొచ్చు. ఎదురుచూడు.

మండల_వైద్యుడు

పాముకాటు కేసులన్నీ తప్పనిసరిగా తెలియజేసేలా చూడమని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. కాబట్టి ఈ కేసు కూడా రిజిస్టర్‌లో పాముకాటుగానే ఎక్కాలి, "కడుపునొప్పి, రిఫర్" అని మిగిలిపోకూడదు. వెళ్ళి దిద్దించు తల్లీ.

రాత్రిడ్యూటీ_అనంత

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. రిజిస్టర్ దిద్దించాను. డ్యూటీ డాక్టర్ తనే పక్కన సంతకం పెట్టారు.

ఆవిడకు ట్యూబ్ తీసేశారు. నిన్న సెలవు పెట్టి అనంతపురం పోయి చూశాను. గొంతు బొంగురుగా ఉంది, మెల్లగా మాట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టదనుకున్నాను. గొంతు విని గుర్తుపట్టింది. అడిగిన మొదటి మాట: "అంబులెన్సు ఎక్కించేటప్పుడు, ఇంక లాభం లేదు పిల్లోళ్ళను తోలుకురాండి అన్నదెవరు సిస్టర్?"

అన్నది వాళ్ళ మరిది. నేను చెప్పలేదు.

కడప_క్యాజువాలిటీ_బ్రదర్

బతికింది, చాలు తల్లీ. మరిది సంగతి ఆవిడే తేల్చుకుంటుందిలే.

గాజు ట్యూబులు తెచ్చుకున్నావా?

రాత్రిడ్యూటీ_అనంత

ల్యాబ్ సామాన్ల అంగట్లో ఒక డబ్బా కొన్నాను అన్నా. నిన్న ఆయమ్మ శుభ్రంగా ఉండాలని ఆరు ట్యూబులు విమ్ పెట్టి కడిగేసింది. మిగతావి నా అల్మారాలో పెట్టి, తాళంచెవి కిటికీ మేకుకు తగిలించి, అందరికీ కనపడేలా చీటీ అంటించాను.